మంద్రస్థాయి బరువు

కర్నూలు, కడప మండలములలో పెండ్లి మెరవణి సాగునపుడు జనుల కన్నులు వరుడెక్కిన వాహనముమీదను, చెవులు క్లారినెట్టు పాటమీదను నిలుచును గాని, ఆ పాటనంతటిని క్రిందినుండి భరించుచు వెనుకవరుసలో నడచెడి బాసు వాద్యకుని గమనించువారు మిక్కిలి అరుదు. పాశ్చాత్యులు ట్యూబా యనియు, మన మేళగాండ్రు బాసనియు పెద్ద బాకా యనియు వ్యవహరించు నీ లోహవాద్యము మేళములోని ఊదు వాద్యములన్నింటిలో బరువైనది, ఊపిరిని అధికముగా హరించునది, కొనుటకు వెల హెచ్చయినది. ఇంతయయ్యును దానికి స్వంతముగా ఒక పాటయైన లేదు. క్లారినెట్టు కీర్తననో సినిమా పాటనో పలుకుచుండగా, డోలు నడకను కాపాడుచుండగా, మంద్రస్థాయిలో ఆధారస్వరములను విడువక పట్టియుంచుటయే దాని పని. బాసు మానినచో పాట సన్నగిల్లిపోవును. అది యున్నంతవరకు దాని ఉనికియే యెవరికిని తెలియదు. ఇరువదేండ్ల వయసున ఈ బరువును భుజమున కెత్తుకొన్న వాద్యకుడు అరువదేండ్లు దాటిన పిమ్మట ఏమి చేయవలెను, మేళమును విడువవలెనా, చిన్నదియు తేలికయైనదియు నగు మరియొక వాద్యమును చేపట్టవలెనా యను ప్రశ్న ప్రతి మేళమునకును ఒకనాడు ఎదురగుచున్నది. దీనిని కేవలము వార్ధక్యపు ఇబ్బందిగా చూచి జాలిపడి వదలివేయుట నాకు సమ్మతము గాదు. ఈ వాద్యము మన సీమకు వచ్చిన దారిని పరిశీలించినయెడల, చిన్న వాద్యమును కోరుటలో న్యూనత యేమాత్రమును లేదని తేటపడును.

లోహపు బాకాలు రాకపూర్వము ఈ మెట్టసీమ సంగీతములో చాలభాగము కాలినడకన సాగినది. అహోబిల నరసింహస్వామి పారువేట యుత్సవమే ఇందుకు సాక్షి. కనుమనాడు బయలుదేరిన స్వామి పల్లకి సుమారు నెలన్నర దినములు నల్లమల యంచునగల గ్రామములలో ఊరూరు తిరిగి, విడిదులలో పూజలందుకొని, మరల కొండకు చేరును. అట్టి దీర్ఘయాత్రలో స్వామివెంట నడచు వాద్యము భుజమునకు భారము కారాదు, చేతికి ఎడము కారాదు. దేవుని కడపలోను ఒంటిమిట్టలోను బ్రహ్మోత్సవములకు మాడవీధుల వెంట సాగిన సన్నాయి డోలు మేళములును, జాతరలలో పలికిన కొమ్ములును, పీర్ల పండుగకు అగ్నిగుండముచుట్టు మ్రోగిన తప్పెటలును ఈ నియమమునకు లోబడినవే. కొమ్ము ఎంత పెద్ద కేక వేసినను బరువు స్వల్పము. తప్పెట మెడలో వ్రేలాడుచునే గంటలకొలది మ్రోగును. ఎండ తీవ్రమైన ఈ ప్రాంతములో, నీటిచలువ దొరకని దూరములు నడచినవారు, వాద్యముల పరిమాణమును తమ దేహము ఒప్పుకొన్న మేరకే ఉంచుకొనిరి.

నాగస్వరము విషయములో పరిమాణపు వివాదము మరియొక రూపమున నడచినది. పూర్వము ప్రచారమున నుండిన తిమిరి నాగస్వరము పొట్టిది, హెచ్చు శ్రుతిది. కోట గోపురము దాటి వినబడుటకు అదియే తగియుండెను. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై, 1898 మొదలు 1956 వరకు జీవించిన ఆ మహావిద్వాంసుడు, పొడవైన బారి నాగస్వరమును చేపట్టి శ్రుతిని దించి, రాగాలాపనకు గాంభీర్యమును సంపాదించెను. మన ఒంగోలు ప్రాంతపు కరవదిలో జన్మించి శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదము నందుకొన్న షేక్ చినమౌలానా సాహేబుగారు ఆ తంజావూరు బాణీని తెలుగువానిగానే సాధించిరి. పెద్ద వాద్యమువలన కలిగెడు లాభమును నేను కాదనుట లేదు. బారి నాగస్వరము సభకు, ఆసనమునకు, మైక్రోఫోనుకు తగినది; వీధికి, పల్లకి వెంట పరుగునకు తిమిరియే సులభము. ఏ వాద్యము ఎక్కడ, ఏ వయసువాని చేత పలుకవలసియున్నదో చూచి దాని కొలత నిర్ణయించుట దక్షిణదేశపు సంగీతజ్ఞులకు క్రొత్త గాదు.

పాశ్చాత్య మేళము ఈ గడ్డమీదికి దండుతోపాటు వచ్చినది. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీకి దత్తము చేయగా థామస్ మన్రో ముఖ్య కలెక్టరుగా వచ్చి, 1807 వరకు పాలించెను. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను పదచ్యుతుడు కాగా 1839లో ఆ సంస్థానమును కుంఫిణీ వశమాయెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినపుడు కోవెలకుంట్ల ప్రాంతమునకు పటాలములు కదలినవి. పటాలము లున్నచోట పిల్లనగ్రోవులు, డప్పులు, బ్యూగిళ్లు నుండుట ఆ కాలపు సైనిక మర్యాద. ఈ సంగీతము మనవారి చెవిని ఎంత త్వరగా సోకినదో చెన్నపట్టణమున ముత్తుస్వామి దీక్షితులు సీమమెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చి రచించిన నోట్టు స్వరములే చెప్పును. ఆ నోట్టు స్వరముల వ్రాతప్రతి యొకటి చార్లెస్ ఫిలిప్ బ్రౌను సేకరణలో చేరియుండుట నాకు ఎప్పుడును ఆశ్చర్యమును ఆనందమును కలిగించు విషయము; ఏలయనగా 1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చి, వేమనను తవ్వి తీసి, తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌనుదొర ఈతడే.

అయితే మన్రో కాలపు పటాలముల మేళములలో ట్యూబా లేదు. అప్పటికి అది పుట్టనేలేదు. మంద్రస్వరములకై ఐరోపావారు, చర్మము కప్పిన కొయ్యగొట్టమును పామువలె మెలికలు త్రిప్పి చేసిన సర్పెంటును, దాని తరువాత 1817లో పారిస్‌లో వెలువడిన ఓఫిక్లైడును వాడుచుండిరి. రెండింటను శ్రుతి నిలుపుట కష్టము. మీటలు కనుగొనబడిన పిమ్మట, ప్రష్యా సైనిక మేళముల నాయకుడు విల్హెల్మ్ వీప్రెహ్ట్, వాద్యనిర్మాత యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్స్‌తో గూడి, 1835 సెప్టెంబరు 12వ తేదీన బాస్ ట్యూబాకు బెర్లినులో పేటెంటు పొందిరి. పాఠకులు ఇచ్చట ఒక విషయమును గుర్తుంచుకొనవలెను: ఆ మొదటి ట్యూబా ఎఫ్ శ్రుతిలోనిది, సుమారు 12 అడుగుల గొట్టము గలది, అనగా నేటి కొలతలలో చిన్న ట్యూబా. బొహీమియాలో చెర్వెనీ 1845లో పెద్ద కాంట్రాబాస్ ట్యూబాను చేసిన తరువాతనే 16, 18 అడుగుల గొట్టములు గల స్థూలవాద్యములు ప్రచారమునకు వచ్చినవి. అదే దశకమున పారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ తన సాక్స్‌హార్ను వాద్యముల కుటుంబమును సిద్ధపరచెను. నేటి యూఫోనియమునకును బ్రిటిషు మేళముల ఈ-ఫ్లాట్, బి-ఫ్లాట్ బాసులకును ఆ కుటుంబముతో దగ్గర చుట్టరికము కలదు. 1890 ప్రాంతముల అమెరికాలో జాన్ ఫిలిప్ సూసా కోరికపై, దేహముచుట్టు చుట్టుకొని తలమీదుగా నోరు తెరచు సూసాఫోను పుట్టినది. పెద్దది ముందు పుట్టి, చేతగానివారికొరకు చిన్నది తరువాత చేయబడెనను అభిప్రాయము మన మేళగాండ్రలో కొందరికి కలదు. చరిత్ర దీనికి విరుద్ధముగా నున్నది.

ఈ వాద్యములు మన సీమలోని పెండ్లిండ్లకు చేరుటకు రైలు మార్గము మిక్కిలి తోడ్పడెను. మద్రాసు నుండి కడప, గుంతకల్లు మీదుగా సాగిన రైలు మార్గము 1871లో రాయచూరున బొంబాయి మార్గముతో కలిసెను. ఐదారేండ్లు గడవకముందే 1876 మొదలు 1878 వరకు మహాక్షామము కర్నూలు, కడప, బళ్లారి మండలములను పీడించి, ఊళ్లకు ఊళ్లను ఖాళీచేసినది. క్షామకాలమున పెండ్లి లేదు, మెరవణి లేదు, మేళగానికి కూలి లేదు. వాన కురిసినప్పుడు పెండ్లిండ్లు, వాన తప్పినప్పుడు పస్తులు. ఈ సీమ వాద్యకుల జీవితము నాడును నేడును మేఘముతో ముడివడియున్నది. లోహవాద్యములను చేయించి యమ్మిన ఊరు ఉత్తరదేశమున మీరట్. అక్కడ 1885లో స్థాపింపబడిన నాదిర్ అలీ కంపెనీయు, దాని పరిసరములందలి జాలీకోఠీ వీధి కార్ఖానాలును దేశమందలి పెండ్లి మేళములకు బాకాలు సరఫరా చేసినవి. సన్నాయి మేళము మన ఊళ్లలో నాయీబ్రాహ్మణ కుటుంబముల వంశవృత్తిగా నిలువగా, బాండు మేళము మాత్రము కులమత నియమము లేక హిందూ, ముస్లిము, క్రైస్తవ యువకుల నందరిని ఒకే వరుసలో నిలిపినది. ఆ మేళముల వైభవమును చూడదలచినవారు దసరా దినములలో ప్రొద్దుటూరు పోవలెను. వాసవీ కన్యకాపరమేశ్వరి ఉత్సవమునకు పరరాష్ట్రముల నుండి గూడ వాద్యబృందములు వచ్చును. ఆ పట్టణమునకు రెండవ మైసూరను పేరు వచ్చుట ఇందుచేతనే.

బాసును వాయించువాని శ్రమ యెట్టిదో దగ్గరగా చూడనిదే తెలియదు. నంద్యాల వీధిలో ఒక వైశాఖపు సాయంకాలము, మెరవణి ఒక ఇంటిముందు హారతికై ఆగినపుడు, వెనుకవరుసలోని వృద్ధవాద్యకుడొకడు అరుగుమీద కూర్చుండి తన బాసును ఒడిలోనికి దించుకొనుట చూచితిని. ఎడమభుజముమీద నాలుగుమడతలు పెట్టిన తువ్వాలు. దానిక్రింద చొక్కా చెమటతో తడిసి దేహమున కంటుకొనియుండెను. గొట్టపు వంపున ఎన్నో యేండ్ల చేతిపట్టుచే పైపూత అరిగి ఇత్తడి బయటపడినది. పాతమాటు వేసినచోట నల్లని మచ్చ. అతడు మీటల నొక్కి చూచి, అడుగుననున్న చిన్నతూము తెరచి గొట్టములో చేరిన నీటిని దుమ్ములోనికి ఊది, మరల మౌత్‌పీసును తుడిచి పెదవుల కానించెను. ఎండకు కాగిన ఇత్తడి ప్రక్కటెముకలను తాకుచుండగా కొంచెము ముఖము ముడిచెను. బాండు మాస్టరు చేయెత్తగానే లేచుటకు రెండు చేతులతోను అరుగును పట్టుకొనవలసివచ్చెను. లేచిన తరువాత మాత్రము మొదటి స్వరము తాళమునకు తప్పలేదు.

బి-ఫ్లాట్ బాసు బరువు సామాన్యముగా 9 మొదలు 13 కిలోల వరకుండును; లోహపు సూసాఫోను ఇంతకంటెను హెచ్చు. యూఫోనియము 4, 5 కిలోలకు మించదు. భుజమునకు, నడుమునకు కలుగు భేదము దీనితోనే తెలియును. ఊపిరి సంగతి ఇంకను ముఖ్యము. మంద్రస్వరమునకు గాలి యధికముగా కావలెను, గొట్టము వెడల్పు హెచ్చినకొలది అది మరింత యధికమగును. మనుష్యుని శ్వాసకోశపు శక్తియో, యౌవనము దాటిన పిమ్మట ఏటేట కొంచెముగా తరుగుచునే యుండును. ఇరువదియైదవ యేట ఒక్క ఊపిరిలో ముగించిన వాక్యమును అరువదియైదవ యేట రెండు ఊపిరులుగా విరువక తప్పదు. ముందరి పండ్లు కదలినచో పెదవుల పట్టు సడలును; అప్పుడు సాధన ఎంతయున్నను ఫలము లేదు. మాఘమునుండి జ్యేష్ఠమువరకు పెండ్లి ముహూర్తములు కూడియుండు కాలము, 40 డిగ్రీలు దాటెడు ఎండకాలముతో కలిసియుండుట మన సీమ వాద్యకుల దురదృష్టము.

ఇట్టి స్థితిలో వాద్యకుని ముందర నాలుగు మార్గములు గలవు. గొట్టపు పొడవు మార్చక, శ్రుతి మార్చక, గొట్టము లావును నోటి వెడల్పును తగ్గించి చేసిన ముక్కాలు పరిమాణపు బాసు నొకటి చేపట్టవచ్చును. ఇందు వ్రేళ్ల అలవాటు చెడదు, స్వరము కొంత పలుచనగును. ఈ-ఫ్లాట్ బాసునకు, లేక ఎఫ్ ట్యూబాకు పోవచ్చును. ఇవి పలుకుటకు చురుకైనవి, అయితే చెవిపట్టుతో వాయించువానికి, నలుబదేండ్లు ఒక శ్రుతికి తర్ఫీదైన వ్రేళ్లను క్రొత్త కట్టుబాటునకు త్రిప్పుట శ్రమ. ఫైబరు సూసాఫోను తేలిక, కాని దానివలన తగ్గునది బరువే గాని పరిమాణము గాదు. వీధి మేళములో వయసుమీరినవానికి యూఫోనియమే మేలని నా అభిప్రాయము. దానికి చెప్పదగిన కారణము కలదు. బి-ఫ్లాట్ బాసు గొట్టము 18 అడుగులు, యూఫోనియము 9 అడుగులు. సరిగా సగము గనుక స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవునే గాని మీటలపై వ్రేళ్ల క్రమము మారదు. నిన్నటి చేతితోనే నేడు వాయింపవచ్చును. మేళములో బాసు పని పిన్నవానికప్పగించి, పెద్దవాడు యూఫోనియముతో పాటకు ప్రక్కన మరియొక పాట అల్లినయెడల, నలుబదేండ్లు వెనుకనుండి విన్న కీర్తనలనన్నింటిని తాను స్వయముగా పాడుకొను భాగ్యము వానికి కలుగును.

గాయకులు వృద్ధులైనకొలది శ్రుతిని దించుకొందురు. ఒకటిన్నర కట్ట పాడినవారు ఒకటికి వత్తురు. బాసు వాద్యకుడు చిన్న వాద్యమునకు వచ్చినపుడు అతని శ్రుతి పైకి పోవును. కంఠమునకును బాకాకును ఈ విషయమున మార్గములు వేరైనను ఉద్దేశ్యము ఒక్కటే, దేహము భరింపగల చోట సంగీతమును నిలుపుట. గాయకుడు శ్రుతి దించుకొన్నందుకు సభలో నెవరును నవ్వరు; పైగా పరిణతి యని మెచ్చుకొందురు. బాకా చిన్నదైనపుడు మాత్రము మనకేల చిన్నచూపు?

పాశ్చాత్యదేశములలో చిన్న ట్యూబాకు గల గౌరవమును గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. ముస్సోర్గ్‌స్కీ పియానో రచనను 1922లో వాద్యబృందమునకు కూర్చిన రావెల్, బరువైన ఎడ్లబండి నడకను వర్ణించు ఘట్టమున ప్రధానగీతమును ట్యూబాకే యొసగెను. ఆనాటి ఫ్రెంచి ట్యూబా యూఫోనియముకంటె ఒక్క మెట్టు మాత్రమే పై శ్రుతి గల చిన్న వాద్యము. దుమ్ముబాటలో ఇరుసు మూలుగుచు సాగెడి బండి సవ్వడిని అంతటి చిన్న వాద్యము పలుకుటను విన్న రాయలసీమ శ్రోతకు, అది ఎద్దులబండి యని వేరుగా చెప్పనక్కరలేదు. 1954 జూనులో లండనున ఫిలిప్ కాటెలినెట్ మొదటిసారిగా వాయించిన ట్యూబా కన్సర్టో, ఆ వాద్యమునకు ప్రధానస్థానమొసగిన ప్రసిద్ధ రచనలలో ముందు పేర్కొనదగినది, ఎఫ్ ట్యూబా పైననే వినబడినది. దానిని రచించిన వాన్ విలియమ్స్ వయసు అప్పటికి 81 సంవత్సరములు.

మన మేళములకు కలిగిన చిక్కు వాద్యకులవలన కలిగినది కాదు, మేళమును పిలుచువారివలన కలిగినది. బయానా ఇచ్చునపుడు పెండ్లివారు మొదట అడుగునది జనులెందరు, దుస్తులేవి, మెరయు పెద్ద బాకాలెన్ని అని. తలమీదుగా పళ్లెమంత నోరు తెరచుకొన్న సూసాఫోను ఫొటోలో బాగుండునను కోరిక ఒకటి ప్రబలినది. దీనివలన కొన్ని మేళములలో, వాయించుటకు శక్తి చాలని వృద్ధుడు కూలికొరకు పెద్ద వాద్యమును భుజమున మోయుచు, గాలి ఊదకయే బుగ్గలు పూరించి నడచుట సంభవించుచున్నది. నాదమును ధ్వనిపెట్టెలు పూరించుచున్నవి. నలుబదేండ్లు ఆ స్వరమును నిలిపిన మనుష్యునికి దీనికంటె గొప్ప అవమానమును నేను ఊహింపజాలను. ఇంకొక కష్టము ధనమునకు సంబంధించినది. చిన్న వాద్యము కొనుటకు పెద్దదానిని అమ్మవలెను. పెద్దది మేళమునకు చెందిన ఆస్తి యైనచో అదియు లేదు. అందుచేత వృద్ధుడు వేరే గతిలేక పాతబాసునే మోయుచుండును, లేదా ఇంట కూర్చుండును. ఇంట కూర్చున్నవానితో పాటు, ఏ కీర్తనకు ఏ ఎత్తుగడ, ఏ వీధి మలుపున ఏ పాట, ఏ ఊరి ఏ దేవునికి ఏ రాగము ప్రీతియో తెలిపెడు జ్ఞానమును అణగిపోవుచున్నది. ఇది పుస్తకములకెక్కినది గాదు.

కనుక కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు పట్టణములలో శుభకార్యములు తలపెట్టు గృహస్థులకు నా విన్నపమొకటి. మేళమును మాట్లాడునపుడు పెద్ద బాకా ఎన్నియని అడుగవద్దు. వయసుమీరినవాడు చిన్న వాద్యము పట్టివచ్చినచో కూలిలో రూపాయి తగ్గింపవద్దు. మెరవణిని ప్రొద్దుక్రుంకిన పిమ్మట బయలుదేరదీయుడు, నడుమ రెండుచోట్ల కూర్చుండుటకు బల్లయు త్రాగుటకు నీళ్లును ఏర్పాటుచేయుడు. ఉత్సవములు నడపు దేవాలయ సంఘములవారు, మేళమునకు ఏటేట ఇచ్చు సంభావనలో కొంత మిగిల్చి ఒక యూఫోనియము కొని యుంచినచో, అది ఒక వాద్యకుని పదేండ్ల సంగీతమును నిలుపును.